సోలార్ ప్యానెళ్లకు అందని 520 కిలోలు

సిమెంటు కంపెనీల సస్టైనబిలిటీ రిపోర్టుల్లో సోలార్ ప్యానెళ్ల ఫొటోలకు కొదవుండదు. కార్బన్ ఉద్గారాల అసలు లెక్క సున్నపురాయిని కాల్చే బట్టీలో, అంటే కిల్న్‌లో ఉంది.

టన్ను క్లింకర్ (సున్నపురాయిని కాల్చి తీసే గడ్డలు, వాటిని నూరితేనే సిమెంటు) తీస్తే దాదాపు 520 కిలోల కార్బన్ డయాక్సైడ్ సున్నపురాయిలోంచే వస్తుంది. 100 కిలోల కాల్షియం కార్బొనేట్ కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు గాలిలో కలుస్తాయి. ఏ పాలసీ డాక్యుమెంటూ దీన్ని మార్చలేదు. కిల్న్‌లో వేసే బొగ్గు, ఆయిల్ రిఫైనరీల్లో మిగిలే పెట్‌కోక్ వల్ల ఇంకో 300 కిలోల దాకా. మరి కరెంటు? టన్ను సిమెంటుకు 75 యూనిట్లు, గ్రిడ్ యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. అంటే 50 కిలోలకు కాస్త అటూ ఇటూ. ప్లాంటు మొత్తం సోలార్ మీద నడిపినా తగ్గేది ఆ 50లోంచే.

నిజంగా తగ్గించాలంటే క్లింకర్ తగ్గించాలి. ఓపీసీలో (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) అది 95 శాతం దాకా ఉంటుంది. పీపీసీలో (పొజొలానా సిమెంటు) 35 శాతం వరకు ఫ్లై యాష్, అంటే థర్మల్ ప్లాంట్ల బూడిద కలపవచ్చు, స్లాగ్ సిమెంటులో 70 శాతం వరకు స్లాగ్, అంటే ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం. అయితే ఏది ఎంత అమ్మాలో తేల్చేది సస్టైనబిలిటీ సెల్ కాదు, మార్కెటింగ్. సెంట్రింగ్ త్వరగా విప్పాలనుకునే బిల్డర్ ఓపీసీ 53 గ్రేడే అడుగుతాడు. పైగా కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు వాతావరణంలో ఓపీసీకి కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి, ఫ్లై యాష్, స్లాగ్ కలిపిన బ్లెండెడ్ సిమెంటుకు 10. సైటులో ఆ మూడు రోజులకు విలువ ఎక్కువ.

ఇక అంకెల సంగతి. ఏటా 20 లక్షల టన్నులు తీసే ప్లాంటు, టన్నుకు 650 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుందాం: మొత్తం 13 లక్షల టన్నులు. ఉత్పత్తిని 28 లక్షలకు పెంచి, టన్నుకు 585కి దించారు. రిపోర్టులో '10 శాతం తగ్గుదల'. గాలిలోకి వెళ్లింది 16.38 లక్షల టన్నులు.

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసిన వ్యాపార బాధ్యత, సస్టైనబిలిటీ రిపోర్టు బీఆర్‌ఎస్‌ఆర్‌లో మొత్తం ఉద్గారాలతోపాటు టర్నోవర్ రూపాయికి ఎంతో కూడా రాయాలి. చార్టుల్లోకి ఎక్కడానికి అనువైనది రెండోదే. బస్తా ధర పెరిగితే చాలు, ఒక్క కిలో తగ్గకుండానే ఆ అంకె దిగుతుంది!

ఇంకో కిటుకు కూడా ఉంది. క్లింకర్ బయట కొని గ్రైండింగ్ యూనిట్‌లో నూరితే, టన్ను క్లింకర్‌కు 800 కిలోల పైచిలుకు భారం స్కోప్ 1 (సొంత ప్లాంటు ఉద్గారాలు) నుంచి స్కోప్ 3కి (సరఫరాదారుల వంటి బయటివాళ్ల ఉద్గారాలు) జారిపోతుంది. బీఆర్‌ఎస్‌ఆర్‌లో స్కోప్ 3 లీడర్‌షిప్ సూచికల కింద ఉంటుంది, తప్పనిసరి ప్రశ్నల్లో కాదు.

అందుకే రిపోర్టు తెరవగానే స్కోప్ 1 మొత్తం టన్నుల్లో ఎంతో చూడండి. తర్వాత క్లింకర్ ఫ్యాక్టర్ (సిమెంటులో క్లింకర్ వాటా), ఆపైన బయట కొన్న క్లింకర్ ఎన్ని టన్నులో వెతకండి. ఈ మూడింట్లో ఏది కనబడకపోయినా, వార్షిక నివేదికలో ముడిసరుకు కొనుగోళ్ల నోట్ దగ్గర మొదలుపెట్టండి.