ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక్క అక్షరం తప్పుపోయి, రెడ్‌హ్యాట్ వాళ్ల లినక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ రాశాను

2019 ఎండాకాలం. తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తున్నాను. ప్రింటర్లు, కేబుళ్లు, సీసీ కెమెరాలు అన్నీ నా నెత్తిమీదే, వాటితోపాటు సెంటాస్ 7 అనే లినక్స్ మీద నడిచే ఒక సర్వరు. దానికి కొత్త డిస్కు తగిలించి, బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కును ఎక్కడ కలపాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో లైను రాసేటప్పుడు, డిస్కు గుర్తింపు కోడ్ అయిన యూయూఐడీని కాపీ చేయకుండా చేత్తో కొట్టాను, ఒక అక్షరం తప్పు పడింది. డిస్కును అప్పటికే మౌంట్ చేసి, అంటే సిస్టమ్‌కు కలిపి, ఉన్నాను కాబట్టి ఆ తప్పు ఎవరికీ తెలియలేదు, నాకు కూడా.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ కూడా ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే, ఆ తప్పు లైనులోని డిస్కు దొరక్క సర్వరు ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడి, పూర్తి అధికారం ఉండే రూట్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతోంది. అది నాకు ముందు పనిచేసిన ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. నేను రోజూ నా సొంత పాస్‌వర్డ్‌తోనే రూట్ పనులు చేయనిచ్చే సూడోతోనే పని నడిపేవాణ్ణి. బిల్లింగ్ మొత్తం ఆగిపోయింది, చేతులు వణికాయి.

చెన్నైలో ఉన్న సీనియర్ అన్నకు ఫోన్ చేశాను. "టెన్షన్ పడొద్దురా. బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో ఈ నొక్కు, లినక్స్16 అని మొదలయ్యే లైను చివర ఆర్‌డీ డాట్ బ్రేక్ కొట్టి కంట్రోల్ ఎక్స్ నొక్కు" అన్నాడు. తర్వాత అసలు సిస్టమ్ ఉండే సిస్‌రూట్‌ను మార్పులు రాయడానికి వీలుగా రీడ్ రైట్‌గా రీమౌంట్ చేయించి, సీహెచ్‌రూట్‌తో దాని లోపలికి వెళ్లేలా చేసి, పాస్‌వర్డ్ మార్పించాడు. తప్పు లైను పనిచేయకుండా దాని ముందు హ్యాష్ పెట్టించాడు. "ఆటోరీలేబుల్ ఫైలు పెట్టావా? అది మర్చిపోతే కొత్త పాస్‌వర్డ్ కొట్టినా ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా కాపలా లోపలికి రానివ్వదు" అని రెండుసార్లు అడిగాడు. ఫైళ్లన్నిటికీ మళ్ళీ ఎస్‌ఈలినక్స్ లేబుళ్లు వేసే ఆ రీలేబుల్ అయ్యేదాకా స్క్రీన్ ముందు నుంచి కదల్లేదు. లాగిన్ వచ్చాక అన్న అన్న మాట: "ఇదంతా ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సిలబస్సే. కూర్చుని నేర్చుకో."

కొర్లగుంటలో రూము, 8 జీబీ ల్యాప్‌టాప్, ఒకే ల్యాప్‌టాప్ లోపల వేరే కంప్యూటర్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో రెండు మెషీన్లు. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా కూర్చునేవాణ్ణి. ముందు మళ్ళీ పాత స్థితికి రావడానికి స్నాప్‌షాట్ తీసి, కావాలనే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ పాడుచేసి, బూట్ కానివ్వకుండా చేసి, మళ్ళీ లేపడం. ఇది ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. డిస్కు స్థలాన్ని కావలసినట్టు పంచే ఎల్‌వీఎం మొదట్లో తలకెక్కలేదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌ను పెంచగలం కానీ తగ్గించలేం అన్నది కూడా నేను ఒక మెషీన్‌ను పోగొట్టుకున్నాకే బుర్రలో నిలిచింది. గూగుల్ అలవాటు మానడం అన్నిటికంటే కష్టమైంది, ఎందుకంటే పరీక్షలో ఇంటర్నెట్ ఉండదు, కమాండ్ల వివరాలు చెప్పే మ్యాన్ పేజీలు మాత్రం ఉంటాయి. కమాండు పేరు గుర్తురాకపోతే మ్యాన్ మైనస్ కే కొట్టి వెతకడం, పేజీ చివర ఉదాహరణలు చూడడం అప్పుడే అలవాటైంది, ఈ రోజుకీ నాకు అదే ఆధారం.

2020 సంక్రాంతి అయిన వారానికి చెన్నై వెళ్లి రాశాను. సరైన జవాబుకు టిక్కు పెట్టే పరీక్ష కాదు, నిజమైన మెషీన్ మీద పని చేసి చూపించాలి. 300కి 210 వస్తే పాస్. రీబూట్ తర్వాత కూడా నిలిచిన పనికే మార్కులు. అందుకే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ముట్టుకున్న ప్రతిసారీ మౌంట్ మైనస్ ఏ కొట్టి తప్పుందేమో చూసి, చివర్లో రీబూట్ చేసి మొత్తం ఇంకోసారి చూసుకున్నాను. ఫలితం మెయిల్‌లో వచ్చింది, పాస్. ముందు అమ్మకు చెప్పాను, తర్వాత అన్నకు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు సెంటాస్ 7 జోలికి వెళ్లొద్దు, 2024 జూన్ 30తో దాని సపోర్టు అయిపోయింది. దానికి బదులు వాడే ఆల్మా, రాకీ లినక్స్‌లు ఉచితమే, రెడ్‌హ్యాట్ డెవలపర్ సబ్‌స్క్రిప్షన్‌తో అసలు రెడ్‌హ్యాట్ లినక్స్ అయిన ఆర్‌హెచ్‌ఈఎల్‌నే 16 మెషీన్ల దాకా ఉచితంగా వాడుకోవచ్చు. వీలైతే ఈ వారమే ఒకటి దించి, దాన్ని పాడుచేసి, మళ్ళీ లేపండి.