ఆ ముప్పై కిలోలు

బళ్ళారి (మనలో మనకు ఊళ్ళ పేర్లే పిలుపులు) రాత్రి పదకొండు గంటలకు ఫోను చేశాడు. మన ఇంజనీరింగు బ్యాచ్ సమావేశానికి వేసే సంచికకు వ్యాసం ఇవ్వనివాళ్ళు మనలో ఇక ఆరుగురే మిగిలారట, అందులో నేనొకణ్ణట. ఆదివారంలోగా రెండు పేజీలు పంపకపోతే నా పేరు కింద "ముప్పై కిలోలు" అని అచ్చు వేయించి, పక్కనే మహాబలిపురం ఫోటో పెడతానని బెదిరించాడు. ఆ ఫోటో మా పిల్లలు ఇంతవరకూ చూడలేదు. అందుకని రాస్తున్నాను.

ఏం రాయమంటావని అడిగితే "మన నాలుగేళ్ళ గురించి" అన్నాడు. నాలుగేళ్ళలో నా దగ్గర మిగిలింది ఒక మధ్యాహ్నమూ, దాని మర్నాటి తెల్లవారుజామూ. రెండో ఏడు ఎటు పోయిందో తెలియదు. మూడో ఏడు సర్వే క్యాంపులో జెర్రి సంగతి గూడూరు రాస్తానన్నాడు కనుక దాని జోలికి పోను. నాలుగో ఏడు గ్రూపు ఫోటోలో నిలబడి ఉన్నాను కాబట్టి చదివినట్టే లెక్క.

ఆ మధ్యాహ్నం 1983లోది. మద్రాసులో నీళ్ళ కరువు. ఆ ఏడే కృష్ణ నీళ్ళను మద్రాసుకు తెచ్చే తెలుగు గంగకు శంకుస్థాపన జరిగింది. తమిళ మిత్రులు పొద్దున లేవగానే ఖాళీ బకెట్లు మన గది ముందు పెట్టి "మీ కృష్ణ ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేవాళ్ళు. వచ్చింది లెండి, 1996లో. అప్పటికి మద్రాసు చెన్నై అయిపోయింది, మనకు జుట్టు పలచబడింది.

పిన్ను సార్ అప్లైడ్ మెకానిక్స్ (వస్తువుల మీద పడే బలాల లెక్కలు) క్లాసు భోజనం తరువాతి పీరియడ్. పాఠం ఇంగ్లీషులో, హాజరు తమిళంలో, చీవాట్లు తెలుగులో. మధుర నాయకుల కాలంలో అటు వెళ్ళి, తరతరాలుగా ఇంట్లో మాత్రమే మాట్లాడుకున్న తెలుగు ఆయనది. కోపం వచ్చినప్పుడే బయటికి తీసేవారు. అందుకని మన బెంచీ మీద కోపం వస్తే మనకు పుట్టింటి నుంచి ఉత్తరం వచ్చినట్టు ఉండేది.

అంతకుముందు వారమే ట్రస్సులు (కడ్డీలను త్రికోణాలుగా కలిపిన చట్రాలు) అయిపోయాయి. అందరికీ కాస్త పొగరెక్కింది. ప్రతి జాయింటు దగ్గరా ఆగడం, రెండు సమీకరణాలు రాయడం, ఈ కడ్డీ లాగుతోంది, ఆ కడ్డీ తోస్తోంది అని చెప్పేయడం. పాపం, ట్రస్సు కడ్డీ సాధుజీవి. బలం రెండు కొసల్లోనే పడుతుంది, కడ్డీ వెంటే పోతుంది. ఫ్రేము కడ్డీ అలా కాదు, దాని నడుమ కూడా బలం పడుతుంది. "ఇవాళ్టి నుంచి ఫ్రేములు" అంటూ సార్ లోపలికి వచ్చారు. ఆయన వెనకాల కరెంటు పనివాళ్ళ మడత నిచ్చెనను బళ్ళారీ అటెండరూ మోసుకొచ్చారు. సార్ చేతిలో పాత పేపర్ల కొట్టు స్ప్రింగు కాటా. గేటు ఎదురుగా ఉన్న కొట్టు అన్న ఊరికే ఇవ్వలేదు. సార్ ఎడమ మణికట్టు మీద వాచీ ఉండాల్సిన చోట తెల్లటి పట్టీలా చర్మం కనిపించింది. హెచ్ఎంటీ వాచీ తాకట్టు పెట్టి ఇరవై కిలోల కాటా తెచ్చిన మేష్టారిని అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

నిచ్చెన కొలతలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. కాళ్ళు ఒక్కొక్కటి 2.6 మీటర్లు. విప్పి నిలబెడితే పాదాల మధ్య 2 మీటర్లు, నెత్తి మీద బందు దాకా ఎత్తు 2.4. రెండు కాళ్ళనూ కలిపే గొలుసు నేల నుంచి 0.9 మీటర్ల ఎత్తున. సార్ ఆ గొలుసును మధ్యలో విప్పి కాటా తగిలించారు. మెట్లున్న కాలును గోడకు ఆనించారు. వెనక కాలి కింద ఒక చెక్క, దాని కింద రెండు ఇనుప గొట్టం ముక్కలు పెట్టారు.

"ఈ గొట్టం ముక్కలెందుకు?" అన్నారు. జారిపోవడానికి అన్నాడు బెజవాడ. క్లాసు నవ్వింది, సార్ నవ్వలేదు. సరైన జవాబే అన్నారు. గోడ దగ్గర తెలియని బలాలు రెండు, గొట్టాల దగ్గర ఒకటి, నెత్తి మీద బందులోని పిన్ను దగ్గర రెండు, గొలుసులో ఒకటి. మొత్తం ఆరు. కాళ్ళు రెండు, కాలికి మూడు సమీకరణాలు. అవీ ఆరే. గొట్టాలు తీసేస్తే వెనక పాదం కూడా నేలను పట్టుకుంటుంది, తెలియనివి ఏడవుతాయి. "ఏడోది వచ్చిందా, స్టాటిక్స్ (కదలని వస్తువుల లెక్క) చేతులెత్తేస్తుంది. ఆ సంగతి మూడో ఏడు చూసుకోండి" అన్నారు. (మూడో ఏడు చూసుకునే ఉంటాం. పైన చెప్పానుగా, గుర్తులేదు.)

గూడూరు ఎక్కాడు. అప్పట్లో వాడు సరిగ్గా అరవై కిలోలు. గిండీ స్టేషన్‌లో బరువు చూసే యంత్రం ఇచ్చిన అట్టముక్క జేబులో పెట్టుకుని తిరిగేవాడు కనుక సందేహం లేదు. నిచ్చెన సగం ఎత్తున, నేల నుంచి 1.2 మీటర్ల దగ్గర మెట్టు మీద నిలబెట్టారు. ఎప్పటిలాగే సార్ చూపు మన బెంచీ మీద పడి, అందులోనూ నా మీద ఆగింది. సుద్దముక్క నా చేతిలో పెట్టారు.

మొదటి సగం నేను బ్రహ్మాండంగా చేశాను. ఇది ఎవరూ ఒప్పుకోరు, కానీ చేశాను. మొత్తం నిచ్చెనను ఒకే వస్తువుగా తీసుకుని గోడ పాదం చుట్టూ మూమెంట్లు (బలం ఇంటూ దూరం, అంటే తిప్పే ప్రభావం) రాశాను. గూడూరు ఆ పాదానికి అర మీటరు లోపల ఉన్నాడు, వెనక పాదం 2 మీటర్ల దూరంలో ఉంది. 60 ఇంటూ 0.5 బై 2, అంటే వెనక పాదం మీద 15 కిలోలు, ముందు పాదం మీద 45. (అప్పటికే సిలబస్‌లో బలానికి కొలతగా న్యూటన్లు వచ్చేశాయి. "పేపర్ల కొట్టు కాటా మీద న్యూటన్లు ఉండవు, కిలోల్లోనే రాయి" అన్నది సారే.) తరువాత వెనక కాలును విడిగా గీశాను. దాని మీద ఎవరూ నిలబడలేదు. కింద నుంచి నేల 15 కిలోలు పైకి తోస్తోంది కాబట్టి నెత్తి మీది పిన్ను 15 కిలోలు కిందికి నొక్కుతోంది. పిన్ను చుట్టూ మూమెంట్లు తీసుకుంటే 15 ఇంటూ 1 ఒకవైపు, గొలుసు బిగువు ఇంటూ 1.5 మరోవైపు. గొలుసులో 10 కిలోలు. క్లాసంతా కాటా వైపు తిరిగింది.

ముల్లు 13న్నర దగ్గర ఉంది.

"సిద్ధాంతం తప్పు సార్" అన్నాడు వెనక నుంచి బెజవాడ. సార్ గూడూరును దింపారు. దిగాక కూడా ముల్లు సున్నాకు పోలేదు, నాలుగుకు కాస్త తక్కువలో ఆగింది. "ఎక్కకముందు ముల్లు ఎవరైనా చూశారా? నిచ్చెనకు బరువుండదా?" అది టేకు నిచ్చెన. కాలు పన్నెండేసి కిలోలు. లెక్క వేయిస్తే ఆ బరువుకే గొలుసులో నాలుగు కిలోలు తేలింది. పదీ నాలుగూ పద్నాలుగు. తక్కువైన అర కిలో గొట్టాల కింద రాపిడి తినేసిందన్నారు. కాగితం మీద లెక్కకూ గదిలో వస్తువుకూ ఉండే తేడాను అంత దగ్గరగా ఎవరైనా చూపించడం నాకు అదే మొదటిసారి.

అక్కడితో కూర్చోబెట్టి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. గూడూరును మళ్ళీ ఎక్కించి, "ముందు కాలు కూడా గీసి సరిచూడు" అన్నారు. గీశాను. వెనక కాలి మీద పిన్ను బలం ఎలా వేశానో చూసుకుని, ముందు కాలి మీదా అలాగే వేశాను. 15 కిందికి. నేల నుంచి పైకి 45. గూడూరు 60 కిందికి, పిన్ను 15 కిందికి, మొత్తం 75.

"ముప్పై కిలోలు తక్కువయ్యాయి. ఎక్కడికి పోయాయి?"

నేను బోర్డు వైపు చూశాను, నిచ్చెన వైపు చూశాను. "నిచ్చెన నేలలోకి దిగుతోంది సార్" అన్నాను. దేవుడి సాక్షిగా అదే అన్నాను, బళ్ళారి కల్పించింది కాదు. సార్ వంగి నిచ్చెన పాదం చూశారు. పైన గూడూరు కూడా భయపడి కిందికి చూశాడు, ముల్లు అటూ ఇటూ ఊగింది. అప్పుడు తెలుగు బయటికి వచ్చింది.

"ఏమయ్యా, ఇద్దరి మధ్య తగవు తీర్చాలంటే విడివిడిగా పిలిచి అడుగుతాం. విడదీయడం బాగానే చేశావు. మధ్యలో ఉన్న పిన్ను ఇద్దరికీ ఒకటే చెబుతుందా? వెళ్ళు. ఆ ముప్పై కిలోలు వెతికి తీసుకురా. దొరికేదాకా లోపలికి రావద్దు."

వరండాలో నిలబడ్డాను. తరువాతి పీరియడ్‌కి వెళుతున్న మెకానికల్ వాళ్ళు ఏం పోయిందని అడిగారు. కిటికీలోంచి మన బెంచీ మొత్తం "ముప్పై కిలోలు!" అని అరిచింది. నలభై ఏళ్ళు దాటింది, ఇంకా అరుస్తున్నారు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి హాస్టల్ వెనక నీళ్ళ లారీ కోసం వరుస. అందరికంటే ముందు బళ్ళారీ నేనూ బకెట్లు పెట్టి, సిమెంటు అరుగు మీద వీపూ వీపూ ఆనించుకుని కూర్చుని నిద్రపోయాం. లారీ హారన్ మోగింది. వాడు చటుక్కున లేచాడు. నేను వెల్లకిలా పడ్డాను. తల అరుగుకు తగిలింది. అలా పడుకునే ఆలోచించాను. వాడి వీపు నన్ను ఇటు తోసింది, నా వీపు వాడిని అటు తోసింది. వెనక కాలును కిందికి నొక్కే పిన్ను ముందు కాలును పైకి ఎత్తాలి. 45కి 15 కలిపితే అరవై. తప్పు బాణం 15 మింగింది, ఒప్పు బాణం లేక మరో 15 పోయింది. ముప్పై కిలోలూ దొరికాయి! ఆర్కిమెడీస్‌కు తొట్టె నిండా నీళ్ళుండేవి కాబట్టి పరుగెత్తాడు. నేను లేచేసరికి వరుసలో నా చోటు పోయింది, ఆ రోజు స్నానమూ పోయింది.

స్నానం లేకుండానే పిన్ను సార్ గదికి వెళ్ళి చెప్పాను. రాస్తున్న కాగితం నుంచి తలెత్తకుండా "బరువుగా ఉన్నాయా?" అన్నారు. అంతే. ఈ మాట మీలో ఎవరికీ ఇంతవరకూ చెప్పలేదు.

ఇప్పటి సంగతులు రాయమన్నాడు బళ్ళారి. అడయారులో ఆఫీసు, పదకొండు మందిమి. పైన ఇల్లు. మా అమ్మాయి ఈ లైనులోకి రాలేదు, పశువుల డాక్టరు. మెట్రో పనులప్పుడు కొన్నేళ్ళు నేను చూసింది తాత్కాలిక ఉక్కు ఫ్రేముల లెక్కలు. పైన కాంక్రీటు గట్టిపడేదాకా మోసి, ఆపైన విప్పేసేవి. 2015 జూన్‌లో కోయంబేడు నుంచి ఆలందూరుకు మెట్రో మొదలైన కొత్తలో మా ఆవిడను ఎక్కించి, కిటికీలోంచి "అదిగో, అక్కడ నావి ఉండేవి" అని చూపించాను. "అక్కడేమీ లేదండీ" అంది. నిజమే, ఏమీ లేదు. స్టేషన్ వచ్చేదాకా అటే చూస్తూ కూర్చున్నాను.

ఆఫీసులో పిల్లలు ఇప్పుడు కంప్యూటర్‌లో ఫ్రేముల రంగురంగుల బొమ్మలు తెస్తారు. బొమ్మ చూడకముందు నేను కింద రియాక్షన్లన్నీ (నేల పైకి తోసే బలాలు) కూడి, పైన వేసిన బరువుతో సరిచూస్తాను. మొన్న తిరుపతి నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ఒక గోదాము ఫ్రేము తెచ్చింది. నడినెత్తిన పిన్ను, రెండు పాదాల దగ్గర రెండు పిన్నులు. అచ్చంగా మన నిచ్చెనే, కాకపోతే 24 మీటర్ల వెడల్పు. గొలుసు లేదు, ఆ పని పునాదులు చేస్తాయి. కూడితే మూడు టన్నులు తక్కువ. "ఎక్కడికి పోయాయమ్మా?" అన్నాను. వరండాలోకి పంపలేదు, కాలం మారింది. పది నిమిషాల్లో పట్టుకొచ్చింది. ఒక గడి కప్పు మీద బరువు వేయడం మరిచిపోయిందట. నాకు ఒక రాత్రి పట్టిందని ఆమెకు చెప్పలేదు.

సమావేశానికి పిన్ను సార్ వస్తున్నారని బళ్ళారి చెప్పాడు. కారు పంపే బాధ్యత బెజవాడది, మరిచిపోతే ఊరుకోం. నిచ్చెన సంగతి నేను చూసుకుంటాను. అవే కొలతలతో, అదే బరువుతో టేకులో చేయించాను, మా గ్యారేజీలో ఉంది. ఇరవై కిలోల స్ప్రింగు కాటా కూడా ఉంది. ఎక్కేది గూడూరే. వాడు ఇప్పుడు 96 కిలోలని వాళ్ళావిడ ఫోనులో చెప్పింది. గొలుసులో అందులో ఆరో వంతు, అంటే 16, నిచ్చెనకు 4. సరిగ్గా ఇరవై, కాటా మీద ఆఖరి గీత. కాబట్టి నిర్వాహకులకు మనవి: వాణ్ణి టిఫినుకు ముందే ఎక్కించాలి.