ముక్కులోకి పోకూడని నీళ్లు

ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆగస్టాలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజు, నేను పనిచేసే వృద్ధాశ్రమం పెరట్లో మొక్కలకు నీళ్లు పెడుతూ రబ్బరు పైపు నెత్తిమీదకి తిప్పుకున్నాను. లోపల్నించి పెద్ద నర్సు ఒకటే కేక. "ముందు ఆ వేడినీళ్లు పోనియ్! ముక్కులోకి పోతాయి!" అక్కడితో ఆగితే బాగుండేది. "మీ దేశంలో ఎవరూ చెప్పరా?" అంది. అదే గుచ్చుకుంది.

ఎవరు చెబుతారండీ? కోనసీమ కాలవల్లో వంతెన మీంచి దూకి, ముక్కులోకి పోయిన నీళ్లు చీదేసి మళ్లీ దూకినవాళ్లం.

ఆవిడ భయం నేగ్లేరియా ఫౌలెరీ అనే ఏకకణ జీవి గురించి. మట్టిలో, వెచ్చటి మంచినీళ్లలో బాక్టీరియాను తింటూ అమీబాలా పాకుతుంది. తిండి కరువైతే కొరడాల్లాంటి రెండు తోకలు (కశాభాలు) మొలిపించుకుని ఈదుకుంటూ పోతుంది. తాగితే ఏమీ చెయ్యదు. ముక్కులోకెళ్తే మాత్రం వాసన నరం పట్టుకుని మెదడుకెక్కుతుంది. జబ్బు వస్తే వందలో 97 మందికి పైగా దక్కరు.

ఆ పేరులో ఉన్న ఫౌలర్ ఎవరా అని చూస్తే, అడిలైడ్ డాక్టరు! 1965లో ఆయన, తోటి డాక్టరు కార్టర్ కలిసి ఈ జబ్బు సంగతి లోకానికి చెప్పారు. అప్పట్లో మర్రే నది నీళ్లు నేలమీది గొట్టాల్లో వందల కిలోమీటర్లు ఎండకు కాగుతూ నేనుండే పోర్ట్ ఆగస్టాకి వచ్చేవి. దారిలోనే క్లోరిన్ హరించుకుపోయేది. తర్వాత ఎక్కువసేపు నిలిచే క్లోరమీన్ అనే మందు కలపడం మొదలెట్టారు. అంటే క్రిమి బయటపడింది వీళ్ల కొళాయిల్లోనే. మనసులో మీసం మెలేశాను.

అయినా నిద్ర పట్టలేదు. 2024లో కేరళలో ఈ జబ్బు వచ్చిన 14 ఏళ్ల కుర్రాడు బతికాడంటే, డాక్టర్లు తొందరగా అనుమానించబట్టే. మా ఊళ్లో "మెదడు జ్వరం" అన్న ఒక్కమాటతో సాగనంపిన పిల్లలున్నారు. వాళ్లకేమైందో ఎవరు పరీక్ష చేశారు? ఇక్కడ పిల్లలాడుకునే ప్లాస్టిక్ తొట్టి నీళ్లు కూడా రోజూ ఒంపేసి, తొట్టి ఎండబెట్టమంటారు. చాదస్తమే, కానీ లెక్కుంది.

అన్నయ్యకి ఫోన్లో ఇదంతా చెబితే, "అక్కడికెళ్లి నీళ్లక్కూడా భయపడుతున్నావేంట్రా" అని నవ్వాడు. నర్సు మాటకంటే ఆ నవ్వుకే ఎక్కువ మండింది. దూకేటప్పుడు ముక్కు మూసుకోమని పిల్లలకి చెప్పమన్నాను. సరేనన్నాడు గానీ, చెప్పలేదని వదిన చెప్పింది.