ఎక్కడిదాకా వచ్చావు?

మన బడి గ్రంథాలయం అంటే గది కాదు, రెండు బీరువాలు. ఈ సంచిక చదివే పాత మిత్రులకు అది కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, తర్వాతి బ్యాచ్‌ల వాళ్ళు నమ్మరేమోనని రాస్తున్నాను. తాళంచెవులు లెక్కల మాస్టారి దగ్గర ఉండేవి. పుస్తకం ఇంటికి ఇచ్చేవారు కాదు. అంతకుముందు ఎవరో తీసుకెళ్ళి తిరిగి తేలేదనీ, ఆ డబ్బు మాస్టారి జీతంలో కోశారనీ ఒక పుకారు ఉండేది. నిజమో కాదో ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికుంది?

వారానికి ఒక్క పీరియడ్ గ్రంథాలయానిది. బీరువా తెరిచి, పుస్తకాలు బల్ల మీద పరిచి, మేము కొట్టుకోకుండా పంచి, గంట కొట్టేలోపు మళ్ళీ లెక్కపెట్టి లోపల పెట్టాలి. ఇవన్నీ పోను చదువుకోవడానికి మిగిలేది అరగంట. అరగంటలో నవల ఎక్కడ పూర్తవుతుంది? పై వారం అదే పుస్తకం మన చేతికే వస్తుందన్న పూచీ కూడా లేదు. పక్క సెక్షన్ వాళ్ళు మధ్యలో వచ్చి మనం గుర్తుగా పెట్టుకున్న కాగితం ముక్కని తీసి పారేసేవాళ్ళు.

మాస్టారికి ఎస్. ఆర్. రంగనాథన్ అంటే వల్లమాలిన గౌరవం. "ఆయన కూడా లెక్కల మాస్టారేరా" అని చెప్పుకుని మురిసిపోయేవారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చెప్పుకునే మనిషి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయ బాధ్యతల్లోకి వెళ్ళడం, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాయడం మాకు ఎక్కాలతో సమానంగా నోటికొచ్చేశాయి. వాటిలో మొదటి సూత్రం పుస్తకాలున్నది వాడుకోవడానికని. ఆ మాట నల్లబల్ల మీద రాసి, వివరించి, ఆ వెంటనే బీరువాకి తాళం వేసి వెళ్ళిపోయేవారు మాస్టారు. ఇందులో ఉన్న తమాషా ఆయనకు తెలియదనుకోను. ఆయన చేతిలో ఉన్నవి రెండు బీరువాలు, ఎదురుగా ఉన్నది మేము.

అలాంటి పరిస్థితుల్లో మా బ్యాచ్ కనిపెట్టిన ఉపాయం వంతులవారీ చదువు. ఒక నవలని ఈ వారం ఎవరి చేతికి వస్తే వాళ్ళు చదువుతారు. ఇంటర్వెల్‌లో కుళాయి దగ్గర మిగతావాళ్ళకి ఆ కథ చెప్పాలి. పై వారం పుస్తకం ఇంకొకరికి వస్తే వాళ్ళు అక్కడినుంచి అందుకుంటారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ఎక్కడిదాకా వచ్చావు?" బాగుందా, బాగోలేదా అని ఎవరూ అడిగేవారు కాదు. అడిగినా చెప్పగలిగే స్థితిలో ఎవరూ లేరు. కథ సగంలో ఉంటే బాగోగులు ఎలా తేల్చడం?

దాంతో చెప్పేవాళ్ళు జరిగింది చెప్పి ఆగేవారు, వినేవాళ్ళు జరగబోయేది అల్లేవారు. వాడు ఉత్తరం ఎందుకు దాచాడు? ఆవిడకి ముందే తెలుసా? పెద్దాయన చచ్చిపోతాడంటావా? ఈ వాదాలు తరగతిలో కూడా సాగి, సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో బెంచీల మీద నిలబడిన సందర్భాలు ఉన్నాయి. వారమంతా ఊహించుకున్నదానికి, వచ్చే వారం పుస్తకంలో దొరికినదానికి పొంతన ఉండేది కాదు. అలా పొంతన లేనప్పుడు మాకు రచయిత మీదే కోపం వచ్చేది.

మా వంతుల చదువులో ఒక మిత్రుడు ఉండేవాడు. మధ్య వరసలో, కిటికీ పక్కన. పేరు రాయను, రాస్తే ఫోన్ చేసి తిడతాడు. వాడు చెప్పే భాగాలు మిగతావాళ్ళవాటికన్నా రక్తి కట్టేవి. ఒక నవలలో వాడి వంతు వచ్చినప్పుడు ఒంటికన్ను పడవవాడు ప్రవేశించాడు. మాట్లాడడు, డబ్బు తీసుకోడు, కథానాయకుణ్ణి రాత్రిపూట ఏరు దాటిస్తాడు. ఆ పడవవాడి గురించి మేము పడ్డ ఆలోచన అంతా ఇంతా కాదు. తర్వాతి వంతు వాళ్ళకి పడవవాడు కనబడకపోతే, "మళ్ళీ వస్తాళ్లే, అలాంటివాళ్ళు ఊరికే రారు" అని వాడే ధైర్యం చెప్పాడు. ఇంతలో వార్షిక పరీక్షలు వచ్చి బీరువాలకి తాళాలు పడ్డాయి. కథ చివర ఎవరికీ తెలియకుండానే మేము పై తరగతికి వెళ్ళిపోయాం.

ఉద్యోగంలో చేరాక ఆ నవల కొని చదివాను. పడవవాడు లేడు. ఏరే లేదు. నవల పేరు మాత్రం ఇక్కడ చెప్పను, మన బ్యాచ్‌లో కొందరికి అది ఇప్పటికీ పడవవాడి నవలే. వాళ్ళకి నిజం చెబితే నష్టమే తప్ప లాభం లేదు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, కొన్నేళ్ళుగా మా బ్యాచ్ వాళ్ళం కొంతమందిమి ఆదివారం పూట కాన్ఫరెన్స్ కాల్‌లో కలుస్తున్నాం. పాత విద్యార్థుల సమావేశం అయ్యాక మొదలైన అలవాటు. మొదట్లో రక్తపోట్లు, పిల్లల పెళ్ళిళ్ళు, మోకాళ్ళు, బదిలీలు మాట్లాడుకున్నాం. అవి త్వరగానే అయిపోయాయి. మోకాలి గురించి ఎన్ని వారాలు మాట్లాడతాం? అప్పుడు మా క్లాస్ లీడరు, అప్పుడూ ఇప్పుడూ పెత్తనం ఆవిడదే, ఇకనుంచి ప్రతివాళ్ళూ ఈ మధ్య చదివిన పుస్తకాల గురించి చెప్పాలని తీర్మానించింది.

ఆ తీర్మానం రెండు మూడు వారాల్లో మమ్మల్ని చంపేసినంత పని చేసింది. ఒక్కొక్కరూ చదివిన పుస్తకాల పట్టీ అప్పజెప్పేవాళ్ళు. పేరు, రచయిత, "చాలా బాగుంది, అందరూ తప్పక చదవండి". తర్వాతివారు. మళ్ళీ పేరు, రచయిత, "కళ్ళు తెరిపించే పుస్తకం". ఎవరి కళ్ళూ తెరుచుకోలేదు, కొందరివి మూతపడ్డాయి. ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. ఏమీ చదవని వారం ఫోన్ ఎత్తడం మానేశారు కొందరు. చదవనందుకు సిగ్గుపడే వయసా మాది?

దారి చూపించింది కిటికీ పక్క మిత్రుడే. వాడు ఇప్పుడు పుస్తకాలు చదవడు. దాపరికం లేకుండా చెబుతాడు, "నాకు ఓపిక లేదురా, మీరు చెప్పండి వింటాను" అని. ఒక ఆదివారం ఒకావిడ ఒక పుస్తకం పేరు చెప్పి, "ఇంకా పూర్తి కాలేదు, అయ్యాక చెబుతాను" అని తప్పుకోబోయింది. వీడు పట్టుకున్నాడు. "పూర్తయ్యాక ఎందుకు? ఎక్కడిదాకా వచ్చావు?"

ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నాం.

ఆవిడ చదువుతున్నది డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. సగంలో ఉంది. ఇందిర మీద మండిపడుతోంది, ఎవరినీ లెక్కచెయ్యని మనిషి అని. పూర్తిగా చదివినవాళ్ళం ఇద్దరం నోరు విప్పకుండా ఉండటానికి చాలా అవస్థపడ్డాం. రెండు వారాల తర్వాత ఆవిడే, "ఇందిర సంగతి నేను ముందు అన్నది వెనక్కి తీసుకుంటున్నాను, అలాగని క్షమించానని కాదు" అంది. ఆ తర్వాతి వారం మళ్ళీ కోపం వచ్చింది. నవల ముగించాక అడిగితే, "బాగుంది, గొప్ప నవల" అని రెండు ముక్కల్లో తేల్చేసింది. అంతకుముందు వారాల మాటలు వినకపోతే ఆ రెండు ముక్కల వెనక అంత తగువు ఉందని మాకు తెలిసేదే కాదు.

నాకు అప్పుడు తట్టింది. ఆ నవల 1957లో 'తెలుగు స్వతంత్ర' వారపత్రికలో ధారావాహికగా వచ్చింది, మరుసటేడు పుస్తకమైంది. అంటే దాని తొలి పాఠకులంతా మా క్లాస్‌మేట్ ఉన్న స్థితిలోనే ఉన్నారన్నమాట. ఇందిర ఏమవుతుందో తెలియకుండా వారం వారం ఆమె గురించి ఎవరితోనో ఒకరితో మాట్లాడుకునే ఉంటారు. ఇప్పుడు మనం అట్ట వెనక సారాంశం చదువుకుని, గొప్ప నవల అని ముందే తెలుసుకుని లోపలికి వెళ్తున్నాం. ఆ తొలి పాఠకులకు ఆ తీర్పు ఎవరూ అందించలేదు. వాళ్ళ మీద నాకు కొంచెం అసూయగానే ఉంది.

చదవడం పూర్తయిన పుస్తకం గురించి మనిషి చెప్పేది అభిప్రాయం. అది ఎదుటివాడికి ఒప్పుకోవడానికో కాదనడానికో తప్ప దేనికీ పనికిరాదు. మధ్యలో ఉన్న పుస్తకం గురించి చెప్పేటప్పుడు మనిషి తడుముకుంటాడు. అక్కడ ఎదుటివాడికి చోటుంది. "అలా కాదేమో, వాడు భయపడి ఉంటాడు" అని పుస్తకం చదవనివాడు కూడా ఒక మాట వేయగలడు. చదవని మిత్రుడు వేసే మాటలే మాకు తరచు పనికొస్తున్నాయి. వాడికి ఆ రచయిత ఎంత గొప్పవాడో తెలియదు కనక మొహమాటం లేదు.

అప్పటినుంచి నియమం మార్చాం. పుస్తకం పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు, ఎన్నో పేజీలో ఉన్నావో చెప్పాలి. ఎక్కడ ఆగావు, ఎందుకు ఆగావు, ఏమవుతుందనుకుంటున్నావు. అంతే. విసుగెత్తి వదిలేసిన పుస్తకం గురించి చెప్పినా వింటాం. వదిలేసినవాటి గురించి జనం ఇంత హాయిగా, ఇంత నిజాయితీగా మాట్లాడతారని నాకు ముందు తెలియదు. అందరూ మెచ్చుకునే ఒక బృహన్నవలని మాలో నలుగురు వేరువేరు కాలాల్లో దాదాపు ఒకే చోట వదిలేశారని ఒక ఆదివారం బయటపడింది. ఆ ఆనందం వర్ణించలేను.

పేజీల లెక్కతో చిక్కులు లేకపోలేదు. ఒకాయనకి కంటి చూపు మందగించి ఆడియో పుస్తకాలకు మారాడు. ఆయన "మూడు గంటల నలభై నిమిషాల దగ్గర ఉన్నాను" అంటాడు. వినడం చదవడం కిందికి వస్తుందా రాదా అని ఒకసారి రేగిన తగువుని, "బళ్ళో మనం చదివామా, విన్నామా?" అని క్లాస్ లీడరు ఒక్క మాటతో ఆపేసింది. కవిత్వం చదివే ఇంకొకావిడ ఎప్పుడూ ఒకే పేజీలో ఉంటుంది. ఆవిణ్ణి తొందరపెట్టం.

అన్నిటికన్నా పెద్ద గందరగోళం 'కన్యాశుల్కం' విషయంలో జరిగింది. ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టారు, ఒకరికొకరు చెప్పుకోకుండా. ఒకాయన మధురవాణి మాటకారితనాన్ని ఆకాశానికెత్తుతుంటే రెండో ఆయన, "నువ్వు చెప్పేంత మధురవాణి ఎక్కడుందయ్యా ఇందులో?" అని అడ్డుపడ్డాడు. కాసేపు పెద్ద గొడవే అయింది. నువ్వు సరిగా చదవలేదంటే నువ్వు చదవలేదని. తీరా అంకాలు లెక్కపెట్టమంటే ఒకరి పుస్తకంలో ఏడు, ఇంకొకరి పుస్తకంలో ఐదు. గురజాడ 1897లో అచ్చువేసిన నాటకం వేరు, 1909లో పెంచి, మార్చి తిరగరాసిన నాటకం వేరు. మనం పాఠ్యపుస్తకాల్లో, రంగస్థలం మీద చూసినది రెండోది. మొదటి దాంట్లో మధురవాణి పాత్ర చాలా చిన్నది. ఆ పాత ప్రతిని సాహిత్య పరిశోధకుడు బంగోరె 1969లో వెతికి మళ్ళీ అచ్చు వేయించాడు, మా మిత్రుడికి దొరికింది దాని కాపీ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ళు నాటకం చదివేసి, బాగుందని ఒక మాట అని ఊరుకుని ఉంటే ఈ తేడా ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. అప్పటినుంచి ఇద్దరూ పక్కపక్కన పెట్టుకుని అంకం అంకం పోల్చుకుంటున్నారు. వాళ్ళిద్దరి ఫోన్ ఇప్పుడు వేరుగా నడుస్తోంది, మమ్మల్ని రానివ్వడం లేదు.

చివర చెప్పేయకూడదన్నది మా రెండో నియమం. దీన్ని పాటించని మనిషి ఒకడున్నాడు, పైగా ఆధారం చూపిస్తాడు. 2011లో అమెరికాలో, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరికి కథల ముగింపు ముందే చెప్పి చదివించారట, వాళ్ళు ముగింపు తెలియనివాళ్ళకన్నా ఎక్కువ ఆనందించారట. నిజమే, అలాంటి పరిశోధన జరిగింది. కాకపోతే అవి చిన్న కథలు. నవల మధ్యలో మూడు వారాలుగా కొట్టుమిట్టాడుతున్న మనిషికి ముగింపు చెప్పి చూడమనండి ఆ పరిశోధకుల్ని, మా క్లాస్ లీడరు చేతిలో ఏమవుతారో!

కిటికీ పక్క మిత్రుడు ఇంకా పుస్తకం పట్టలేదు. పట్టాల్సిన అవసరం కూడా కనబడటం లేదు. ఎవరు ఏ పేజీలో ఆగారో మా అందరికన్నా వాడికే గుర్తుంటుంది. పోయిన నెల నేను ఒక నవల గురించి చెబుతూ చెబుతూ ఆగితే, "నువ్వు రెండు వారాల కిందట కూడా ఇక్కడే ఉన్నావు, ముందుకి పోలేదేం?" అన్నాడు. పనులు అని ఏదో చెప్పాను. నమ్మలేదు. ఆ అధ్యాయంలో ఏముందో చెప్పమన్నాడు. తండ్రి ఆసుపత్రిలో ఉంటాడు, కొడుకు బయట వరండాలో కూర్చుని ఉంటాడు. అంతవరకు చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "సరే, అక్కడ నేను చెబుతాలే" అని ఆ అధ్యాయం మిగతాది వాడే చెప్పడం మొదలుపెట్టాడు, చదవకుండానే. అందులో ఒక పడవవాడు వచ్చాడు.

కాల్‌లో మరో ముగ్గురు ఉన్నారు. ఒక్కరూ అడ్డు చెప్పలేదు.

మన బ్యాచ్ వాళ్ళు, ముందూ వెనకా బ్యాచ్‌ల వాళ్ళు ఎవరైనా కలవాలనుకుంటే క్లాస్ లీడరుకి ఒక మాట చెప్పండి, ఆదివారం సాయంత్రం కలుపుతుంది. పుస్తకాల పట్టీ తేనక్కర్లేదు. సగంలో ఉన్నది ఏదైనా సరే, పేజీ నంబరు గుర్తుంటే చాలు. పుస్తకం పూర్తి చేసినవాళ్ళూ రావచ్చు, కాకపోతే వాళ్ళ వంతు ఆఖర్న.