నాన్న కుడిచెయ్యి

ఆదివారం. పొద్దున్నే ఆవకాయ పని పెట్టుకున్నాం. తమ్ముడు కాయలు కొట్టించుకొచ్చాడు. నేనూ నాన్నా ఎదురెదురుగా కూర్చుని జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో ముక్కలు తుడుస్తున్నాం. నాన్న బనీను మీద ఉన్నాడు. ఎందుకో ఇవాళే పట్టి చూశాను. కుడిచెయ్యి మోచేతి కింద నల్లగా, మినపగింజలంత మచ్చలతో ముడతలు పడిపోయి ఉంది. ఎడమచెయ్యి ఇంకా నునుపే.

"ఇదేంటి నాన్నా?"

"ముప్పై ఏళ్లు లారీ కిటికీలో పెట్టుకు కూర్చున్న చెయ్యమ్మా."

"అద్దం ఎత్తుకుంటే పోయేదిగా," అంది అమ్మ. అక్కడే పొరపాటు. ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత (యూవీ) కిరణాలుంటాయి. వాటిలో చర్మాన్ని కమిలించే యూవీబీని అద్దం చాలావరకు ఆపుతుంది. ముడతలు తెచ్చే యూవీఏ మాత్రం పక్క అద్దంలోంచి బాగానే వస్తుంది. మంట ఉండదు కాబట్టి ఎవరికీ తెలీదు. అమెరికాలో 28 ఏళ్లు ట్రక్కు నడిపిన ఒకాయన ఫొటో 2012లో ఒక మెడికల్ జర్నల్లో వచ్చింది. ముఖంలో ఎడమ సగం మాత్రమే ముడతలు. ఫోన్లో చూపిస్తే నాన్న చాలాసేపు చూసి, "వాళ్లకి స్టీరింగు అటుంటుంది కదా," అన్నాడు.

చెప్పడానికేం గానీ, నా సన్‌స్క్రీన్ ట్యూబు పోయినేడు ఉగాదికి కొన్నది. యాభై గ్రాములది, ఇంకా సగం ఉంది! ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా తీసుకోవాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రోజుకొక్కసారి రాసినా రెండు నెలల్లో అయిపోవాలి. నేను శనగగింజంత రాసుకుని తిరుగుతున్నా. పైగా ఎస్‌పీఎఫ్ 50 అని చూసి మురిసిపోయి కొన్నా. అది ప్రధానంగా యూవీబీని ఎంత ఆపుతుందో చెప్పే లెక్క. 30 రకం 97 శాతం ఆపితే 50ది 98, అంతే. యూవీఏని ఎంత ఆపుతుందో ట్యూబు మీద పక్కనున్న 'పీఏ' అక్షరాల తర్వాతి ప్లస్ గుర్తుల్లో చూడాలి. ఈ ప్రకటనలవాళ్లు మాత్రం తెల్లబడటం తప్ప ఇంకో మాట ఎత్తరు. నలుపైతే ఏమైందట? నాకు ఒళ్లు మండేది అక్కడే.

అమ్మ బుగ్గల మీద మంగు కూడా ఎండకి ముదిరేదే. ఆవిడ మందు పౌడరు.

పదకొండున్నరకి మేడ మీద మిరపకాయలు తిరగెయ్యాలంది. నాన్న లేచాడు. "పొడుగు చేతుల చొక్కా వేసుకెళ్లు నాన్నా," అన్నాను. మాట తీసెయ్యకుండా వేసుకున్నాడు. తలకి తువ్వాలు చుట్టాడు. మెట్ల దగ్గరికెళ్లేసరికి అలవాటుగా రెండు చేతులూ మోచేతుల దాకా మడిచేశాడు.