ఒక్కపొద్దు, ఒప్పొత్తు

అమ్మ ఆపరేషన్ గండం గట్టెక్కితే శివరాత్రికి నల్లమలలో నడిచి శ్రీశైలం వస్తానని, చివరి రోజు దర్శనమయ్యేదాకా మంచినీళ్లైనా ముట్టనని మొక్కుకున్నాను. మల్లన్న దయ, అమ్మ లేచి తిరుగుతోంది. మొన్ననే మొక్కు తీర్చుకుని వచ్చాను. కాళ్ల బొబ్బలు ఇంకా మానలేదు.

వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు... భీముని కొలను దాకా శివనామంతో ఎలాగో వచ్చేశాను. అక్కణ్ణుంచి కైలాస ద్వారానికి నిట్టనిలువు ఎక్కుడు. రాళ్లు కాలిపోతున్నాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. కళ్లు తిరిగి ఒక బండ మీద కూలబడ్డాను. తపస్సు అన్న మాటకు ‘తప్’ ధాతువని, అంటే కాగడం, కాలడం అని ఎప్పుడో చదువుకున్నదే. ఒంటికి తెలిసింది మాత్రం ఆ మెట్ల మీదే.

నుదుట అడ్డ విభూతితో ఒక కన్నడ అజ్జి, అంటే అవ్వ, వచ్చి పక్కన కూర్చుని సీసా మూత తీసింది. వద్దని తలూపాను.

“ఉపవాసం అజ్జీ.”

“నందూ ఒప్పొత్తే తంగీ. నీళ్లు తాగు. మల్లయ్య కోపం చేయడు” అంది, వచ్చీరాని తెలుగులో.

‘నాదీ ఒప్పొత్తే చెల్లీ’ అని. ఒప్పొత్తు! మా నాయనమ్మ ప్రతి శనివారం అనే ‘ఒక్కపొద్దు’ అది. మన పొద్దే కన్నడంలో పొత్తు, ఇప్పుడు హొత్తు. రోజుకు ఒకే పూట తిండి. మన ఊళ్లలో రంజాన్ రోజాను కూడా ఒక్కపొద్దు అనే అంటారు. నా చేతులు వణుకుతుంటే సీసా ఆమే పట్టుకుంది. తాగాను.

మిగతా ఎక్కుడంతా ఆ మాటల మీదే మనసు. ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండడం. తిండి ఊసే లేదందులో. యజ్ఞానికి ముందురోజు దేవతలు యజ్ఞం చేసేవాడి ఇంటికొచ్చి అతని దగ్గరే ఉంటారట, అతిథుల కంటే ముందు తినడం తగదు కదా అంటుంది శతపథ బ్రాహ్మణమనే వైదిక గ్రంథం. తిండి లేక కడుపు మాడ్చుకునే ‘పస్తు’ కూడా ఈ ఉపవాసం చుట్టమే. మరి పొద్దుటి నుంచి నేనెవరి దగ్గరున్నాను? నా దాహం దగ్గరే ఉన్నాను.

ఇక క్యూ సంగతి చెప్పకపోతేనే మంచిది. గంటల తరబడి తోపులాట, చంటిపిల్లల ఏడుపులు, తాగడానికి చుక్క నీళ్లు దొరకలేదు. నడిచొచ్చిన వాళ్లనీ అలాగే నెట్టేస్తే ఎట్లా? ఏడుపొచ్చేసింది.

గర్భగుడి ముందు దొరికింది ఒక్క క్షణం. దీపపు వెలుగులో మారేడు దళాల కింద తడిగా మెరుస్తున్న నల్లని లింగం, చిన్నగా. అమ్మ పేరు చెప్పుకుందామనుకున్నాను, గొంతు పెగల్లేదు. వెనక నుంచి ఎవరో తోశారు.

బయటికొచ్చి అజ్జి కోసం చాలాసేపు వెతికాను. కనబడలేదు. అమ్మకు ఫోన్ చేశాను.

“గొంతేంటే అలా ఉంది, పస్తున్నావా?”

“లేదమ్మా, ఉపవాసం.”

“రెండూ ఒకటేలే, ముందు ఏదన్నా తిను” అంది అమ్మ.