హెచ్‌ఎక్స్-20 చీటీ మళ్లీ వచ్చింది

మొదటి శనివారం

పాత పెట్టెలోంచి ఎప్సన్ హెచ్‌ఎక్స్-20 అనే చేతిలో మోసుకెళ్లే చిన్న కంప్యూటర్‌ను బయటికి తీశాను. 1982 నాటి మోడల్. ఏ4 కాగితమంత ఉంటుంది, బరువు 1.6 కిలోలు. సాఫ్ట్‌వేర్ అమ్మే రోజుల్లో దీన్ని చంకన పెట్టుకుని డెమోలకు తిరిగేవాణ్ణి. ఆస్బోర్న్ 1 కంప్యూటర్ మోసేవాళ్లను చూసి జాలిపడేవాణ్ణి: 11 కిలోలు, కుట్టుమిషన్ మోసినట్టే. కాకపోతే వాళ్లకు 5 అంగుళాల తెర ఉండేది. నాకున్నవి 4 లైన్లు, లైనుకు 20 అక్షరాలు.

అవి కూడా ఎదురుగా కూర్చున్న ఒక్కరికే కనబడేవి. పక్కనున్నవాళ్లకు ఒట్టి బూడిదరంగు పలక. చిన్న చక్రం తిప్పి కోణం మారిస్తే ఆయనకు కనబడేది, ఈయనకు మాయమయ్యేది. పని జరిగిందంటే అందులోనే ఉన్న బుల్లి ప్రింటర్ వల్లే. 24 అక్షరాల వెడల్పు చీటీ టకటకమంటూ వస్తుంటే అందరూ ముందుకు వంగేవారు. చింపి చేతికిస్తే, పెన్ను తీసి లెక్క సరిచూసుకునేవారు. అందుకే తెర సంగతి తర్వాత, ముందు ప్రింటర్ కదలాలి.

విప్పితే నికెల్ కాడ్మియం సెల్స్ కారిపోయి ఉన్నాయి, కనెక్టర్ నిండా పచ్చటి చిలుము. కారింది క్షారం కాబట్టి వెనిగర్‌తో రుద్ది, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. తుడుస్తుండగానే ఒక పిన్ను విరిగి చేతికొచ్చింది. కనెక్టర్ మార్చక తప్పలేదు.

రెండో శనివారం

సబ్-సి సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ 4 వరసగా కలిపితే 4.8 వోల్టులు. ట్యాబ్‌లు అతికించి వచ్చేవే కొనండి, సెల్ మీద నేరుగా సోల్డరింగ్ పెడితే వేడికి పాడవుతుంది. అడాప్టర్ ఒక్కదాంతో నడిపిద్దామనుకోవద్దు, ప్రింటర్ మోటారు లాగే కరెంటు బ్యాటరీ నుంచే రావాలి.

ఆన్ చేయగానే తేదీ అడిగింది. సంవత్సరానికి రెండంకెలే చోటు, 85 అని కొట్టాను. బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వాయిదాల లెక్క ప్రోగ్రామ్ రాసి టైటిల్ కమాండ్‌తో పేరు పెడితే అది మెనూలో చేరిపోయింది. డెమోల్లో ఇదే నా ఉపాయం: అంకె ఒకటి నొక్కితే చాలు, క్లయింట్ ముందు టైపింగ్‌లో తడబడక్కర్లేదు.

మూడో శనివారం

రిబ్బన్ ఎండిపోయింది, కొత్తది వేశాను. కాగితం క్యాలిక్యులేటర్ రోలే, థర్మల్ కాదు, మామూలుది. రోలు లావుగా ఉంటే కొంత విప్పేసి పెట్టాలి. మొదటి చీటీలో సగం అక్షరాలు వెలిసిపోయాయి. రిబ్బన్ వదులుగా ఉందని బిగించాక ఇలా వచ్చింది: అసలు 10000, వడ్డీ 12 శాతం, 12 వాయిదాలు, నెలకు 888.49.

మా అబ్బాయి చేతికిస్తే ఫోన్ తీసి సరిచూశాడు.

ప్రోగ్రామ్‌లు దాచుకునే మైక్రోక్యాసెట్ డ్రైవ్ బెల్టు జిగురైపోయింది, అది మార్చడం ఇంకా మిగిలే ఉంది. అప్పటిదాకా ప్రోగ్రామ్ ర్యామ్‌లోనే. స్విచ్ ఆపినా పోదు గానీ, బ్యాటరీ పూర్తిగా దిగిపోకుండా చూసుకోవాలి.